అప్పగింత ఏడో తరగతిలోనే మొదలవ్వాలి

“రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నావు బాబూ?” అని పిల్లల డాక్టరు అడిగితే జవాబు తల్లి చెబుతుంది. రక్తం పడుతోందా, రాత్రిపూట లేవాల్సి వస్తోందా, మాత్రలు మానలేదు కదా అన్న ప్రశ్నలకూ ఆమే బదులిస్తుంది. కుర్రవాడు తలవంచుకుని కూర్చుంటాడు. పేగులు వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బులైన పేగుపూత గానీ, క్రోన్స్ వ్యాధి గానీ ఉన్న పిల్లల ఇళ్లలో ఏళ్ల తరబడి ఇదే వరస. ఆ తల్లులను తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. ఫైలు చంకన పెట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగింది వాళ్లే. అయితే పదో తరగతి కాగానే పిల్లవాడు విజయవాడ శివార్లలోని గూడవల్లిలోనో పోరంకిలోనో హాస్టల్లో చేరతాడు. ఆ తరువాత వాడి కడుపు సంగతి ఆమెకు తెలియదు. తెలిసినవాడు నోరు విప్పడు. విప్పడం వాడికెవరూ నేర్పలేదు.

విజయవాడ, గుంటూరు కుటుంబాలకు ఎదురవుతున్న చిక్కు ఇదే. ఆస్పత్రుల లెక్కలో పిల్లలు పెద్దల విభాగానికి మారేది సాధారణంగా 18 ఏళ్లకు. కొన్నిచోట్ల 12, 14 ఏళ్లకే పిల్లల వార్డు తలుపు మూసుకుంటుంది. ఇక్కడి ఇళ్లలో మాత్రం జబ్బు బాధ్యత 15 ఏళ్లకే, ఇంటర్ మొదటి సంవత్సరంలోనే పిల్లల మీద పడుతోంది. తల్లి చేతి నుంచి పిల్లల చేతికి జరిగే అప్పగింతకు సిద్ధం చేయకుండానే, పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు జరిగే రెండో అప్పగింతకు తోసేస్తున్నాం. ఏడో తరగతిలో ఉండగానే ఈ పిల్లలతో నేరుగా మాట్లాడడం మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం.

ఇవి వారం రోజుల మందులతో పోయే అజీర్తి జబ్బులు కావు. శరీర రక్షణ వ్యవస్థే గతి తప్పి పేగుల మీద దాడి చేస్తుంది. పేగుపూత, అంటే అల్సరేటివ్ కొలైటిస్, పెద్దపేగుకు పరిమితం. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. రక్త విరేచనాలు, కడుపునొప్పి, రక్తహీనతతోపాటు పిల్లల్లో ఎదుగుదల మందగిస్తుంది, యుక్తవయసు మార్పులు ఆలస్యమవుతాయి. జబ్బును అదుపులో ఉంచగలమే తప్ప మందులతో పూర్తిగా తుడిచేయలేం. గుంటూరు కారం తిన్నందువల్లే వచ్చిందని చుట్టాలు పిల్లవాడినీ తల్లినీ నిందిస్తుంటారు. జబ్బు ముదిరినప్పుడు కారం ఇబ్బంది పెట్టవచ్చు గానీ, ఆ జబ్బును తెచ్చిపెట్టింది పచ్చడి మెతుకులు కావు.

హాస్టల్ బతుకు ఈ పిల్లలకు ఎలా ఉంటుందో ఊహించండి. తెల్లవారకముందే బాత్‌రూముల ముందు వరుస. స్టడీ అవర్‌లో రెండోసారి లేస్తే వార్డెన్ చూపు. మూడు గంటల పరీక్ష మధ్యలో బయటికి వెళ్లాల్సి వస్తుందన్న భయంతో ముందురోజు రాత్రి నుంచే అన్నం మానేసే పిల్లలు ఉంటారు. ఆ మాత్రలు దేనికని పక్క మంచం కుర్రవాడు అడిగితే చెప్పలేక పెట్టె అడుగున దాచేస్తారు. ఎలాగూ తగ్గింది కదా అని మానేస్తారు. మానిన మర్నాడే ఏమీ కాదు కాబట్టి ధైర్యం పెరుగుతుంది. వారాలో నెలలో గడిచాక జబ్బు మళ్లీ విరుచుకుపడుతుంది. కొంతకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చని ఆ కుర్రవాడికి ఎవరైనా చెప్పారా?

ఇన్‌ఫ్లిక్సిమాబ్ (రక్షణ వ్యవస్థ దాడిని తగ్గించే మందు) సంగతి ఇంకా సున్నితం. సెలైన్‌లా నరంలోకి ఎక్కించే ఈ మందును మొదటి మోతాదు తరువాత రెండో వారం, ఆరో వారం ఇచ్చి, ఆపై సాధారణంగా 8 వారాలకోసారి కొనసాగిస్తారు. పిల్లల డాక్టరు ఇక పెద్దల దగ్గరికి వెళ్లమన్నాక కొత్త డాక్టరు దొరికేలోపు నెలలు గడిచిపోతే, ఆ మందును ఎదిరించే యాంటీబాడీలు శరీరంలో తయారుకావచ్చు. మళ్లీ మొదలుపెడితే పనిచేయకపోవచ్చు, రియాక్షన్ కూడా రావచ్చు. చేతిలో ఉన్న మంచి మందు ఒక ఓపీ చీటీ ఆలస్యం వల్ల చేజారిపోతుంది. ఇంత ఖరీదైన మందులకు అంతరాయం రాకుండా ఎన్టీఆర్ వైద్య సేవ అధికారులు చూడాలి.

కొత్త డాక్టరు చేతికి అందాల్సిన కాగితంలో క్షయ సంగతి తప్పకుండా ఉండాలి. మన దేశంలో పేగుల క్షయ, క్రోన్స్ ఒకదాన్ని పోలి మరొకటి ఉంటాయి. ముందు క్షయ మందులు వాడి, ఆ తరువాత క్రోన్స్ అని తేలినవారు ఎందరో. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు శరీరంలో నిద్రపోతున్న క్షయను లేపగలవు కూడా. ఏ మందు ఎప్పుడు వాడారు, ఎందుకు ఆపారు, చివరి కొలనోస్కోపీలో (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో) ఏం కనిపించింది, జబ్బు ఎన్నో ఏట మొదలైంది అన్నవి రెండు పేజీల్లో రాసివ్వాలి. పెద్దపేగులో చాలాభాగం దెబ్బతిన్నవారికి సుమారు 8 ఏళ్ల తరువాత క్యాన్సర్ కోసం పరీక్షలు మొదలుపెట్టాలి. పదేళ్లకే జబ్బు వచ్చిన పిల్లకు ఆ గడువు కాలేజీ రోజుల్లోనే వచ్చేస్తుంది. ఆ రెండు పేజీలకు తెలుగు ప్రతి కూడా ఉండాలి.

ఆడపిల్లల విషయంలో మౌనం మరీ ప్రమాదకరం. సంబంధాలు చెడిపోతాయని ఇంటివాళ్లు జబ్బును దాస్తారు, పెళ్లయ్యాక మందులు కూడా దాగిపోతాయి. ఈ జబ్బులకు ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతూ గర్భం దాల్చకూడదు. ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. అలాగని భయంతో అన్ని మందులూ మానేయడం అంతకన్నా నష్టం. జబ్బు అదుపులో ఉన్నప్పుడు చాలామంది ఆరోగ్యంగా బిడ్డలను కంటున్నారు. ఈ మాట తల్లి చెవిన వేస్తే సరిపోదు. తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టి ఆ అమ్మాయితోనే చెప్పాలి.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, పిల్లలను పెద్దల విభాగానికి మార్చడంపై 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 13, 14 ఏళ్లకే సన్నాహం మొదలవ్వాలని, మార్పుకు ముందు కనీసం ఆరు నెలలు, తరువాత ఆరు నెలలు ఒకే మనిషి తోడుండాలని, కొత్త ఆస్పత్రికి రాకపోతే ఆస్పత్రివారే ఆరా తీయాలని చెప్పింది. ఇందులో మనం చేయలేనిది ఏముంది? పెద్దల ఓపీల్లో వరుస గుమ్మం దాటి ఉంటుందని, ఒక్కో రోగికి దక్కేది కొద్ది నిమిషాలేనని మాకు తెలుసు. అందుకే ఈ పిల్లలకు విడిగా ఒక పూట కావాలి.

విజయవాడ ప్రభుత్వాస్పత్రి, మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు జీజీహెచ్ ఒకే దారిలో ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకు బస్సులో గంటా గంటన్నర. మూడు ఆస్పత్రులూ కలిసి నెలకు ఒక మధ్యాహ్నం ఉమ్మడి ఓపీ నడపాలి. పిల్లల డాక్టరు, పెద్దల జీర్ణకోశ వ్యాధుల డాక్టరు ఒకే గదిలో కూర్చోవాలి. రాని పిల్లలకు ఫోన్ చేయడానికి ఒక నర్సును కేటాయించాలి. డాక్టరు ధ్రువపత్రం తెచ్చిన విద్యార్థిని అడ్డుచెప్పకుండా మరుగుదొడ్డికి పంపాలని, ఆ సమయాన్ని పరీక్షలో కలపాలని ఇంటర్ బోర్డు ఉత్తర్వు ఇవ్వాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఈ జబ్బులు లేవు కాబట్టి, ఆ వెసులుబాటు బోర్డు పూనుకుంటేనే దక్కుతుంది. మే 19 పేగుపూత, క్రోన్స్ రెండింటి కోసం పాటించే ప్రపంచ దినం (వరల్డ్ ఐబీడీ డే). ఉమ్మడి ఓపీకి తొలి చీటీ ఆ రోజున రాయాలని మూడు ఆస్పత్రుల అధిపతులను కోరుతున్నాం.