పొంగిన పచ్చడి

మా ఇంట్లో వంట సోడా డబ్బా అసలు ఉండే చోటు అలమరలో పై అర, వెనక వరస. ఏడాదికి రెండు మూడుసార్లు బజ్జీల కోసం కిందకి దిగేది, పనవగానే మళ్ళీ పైకి. అలాంటిది 2020లో సింకు పక్కకి కాపురం మార్చేసింది. కారణం మీకూ తెలిసిందే, బజారు నుంచి వచ్చిన ప్రతి వంకాయా ఉప్పు, పసుపు, సోడా కలిపిన నీళ్ళలో అరగంట మునిగితే గానీ లోపలికి ఎంట్రీ లేదు. ఇలా చెయ్యమని ఎవరు చెప్పారంటే వాట్సాప్ చెప్పింది, అమ్మ వింది, అంతే. పాల ప్యాకెట్లకి సబ్బు స్నానం, పేపర్‌కి ఎండలో క్వారంటైన్, ఇవన్నీ ఒక్కొక్కటే మానేశాం గానీ ఆ డబ్బా మాత్రం సింకు పక్కనుంచి కదల్లేదు. ఉప్పు డబ్బా పక్కనే, అదే సైజు, అదే స్టీలు, మూతలు కూడా ఒకదానివి ఒకదానికి సరిపోతాయి. ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు కరోనాకి మా ఉగాదులతో ఏదో పాత కక్ష ఉంది. 2020 ఉగాది మార్చి 25, సరిగ్గా లాక్‌డౌన్ మొదటి రోజు. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలోకొచ్చి 21 రోజులు అన్నారు, మేం మామిడికాయల కోసం సంచీ పట్టుకుని అప్పుడే గుమ్మం దిగబోతున్నాం. ఆ ఏడు పేరు శార్వరి, అంటే రాత్రి అట, ఆ సంగతి అర్థమయ్యేసరికి నిజంగానే చీకటి పడిపోయింది. 2021 ఏప్రిల్ 13న ప్లవ వచ్చింది, ప్లవ అంటే పడవరా ఒడ్డుకి చేర్చేస్తుంది అని నాన్న ధైర్యం చెప్పారు, ఆ పడవ తిన్నగా సెకండ్ వేవ్‌లోకి తీసుకెళ్ళింది. ఇంట్లో నాన్నమ్మకి తప్ప అందరికీ వచ్చింది. నాకు పోపు వేస్తే కిరోసిన్ వాసనొచ్చేది, కాకినాడ బాబాయ్‌కైతే మూడు నెలలు ఏ వాసనా లేదు. ప్రతి ఉగాదికీ పంచాంగం చదివే పెదనాన్న ఆ మే నెలలోనే వెళ్ళిపోయారు.

అందుకని 2022 ఏప్రిల్ 2 శనివారం శుభకృత్ అనేసరికి, పేరులోనే శుభం ఉంది, ఆంక్షలు కూడా మార్చి 31తో ఎత్తేశారు, ఇక అందరూ రాజమండ్రి రావాల్సిందే అని అమ్మ ఫోన్లు చేసేసింది. బాబాయ్ వాళ్ళు, భీమవరం పిన్ని వాళ్ళు, తణుకు నుంచి పెద్దమ్మ, మొత్తం పధ్నాలుగు మంది. రెండేళ్ళ తర్వాత ఇంటి ముందు అన్ని చెప్పులు చూసి పాలబ్బాయి "ఏంటండీ, ఏదన్నా ఫంక్షనా" అని అడిగాడు.

ఆంక్షలు ఎత్తేసింది ప్రభుత్వం, అమ్మ ఎత్తెయ్యలేదు. గుమ్మం దగ్గర మా చెల్లి కూతుర్ని శానిటైజర్ సీసాతో నిలబెట్టింది, పెళ్ళిలో పన్నీరు బుడ్డి పట్టుకున్న పిల్లలా అది వచ్చినవాళ్ళ చేతుల మీదా, కుక్కపిల్ల మీదా, ఒకసారి బాబాయ్ తెచ్చిన స్వీట్ బాక్స్ మీదా కొట్టింది. పచ్చడి ఎప్పట్లా ఉద్ధరిణెతో చేతిలో వెయ్యడం కాదు, మనిషికో పేపర్ కప్పు. ఇక పచ్చడి కలిపేది నేను. లాక్‌డౌన్లో ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తూ వంట నేర్చుకున్నందుకు నాకు దక్కిన ప్రమోషన్ అది. కాకపోతే ఒక షరతు, మాస్క్ పెట్టుకుని కలపాలి. "నీకు తుమ్ములెక్కువ, పధ్నాలుగు మంది తినేది" అంది అమ్మ.

కళ్ళజోడున్నవాళ్ళకి మాస్క్ బాధ చెప్పక్కర్లేదు కదా. ఊపిరి వదిలితే అద్దాల మీద మంచు, పీలిస్తే కాస్త వెలుగు. అలా ధనుర్మాసం పొగమంచులో బండి నడుపుతున్నట్టు మామిడికాయ తరిగాను, వేపపువ్వు ఈనెలు తీశాను, కొత్త చింతపండు పులుసు తీసి కొత్త బెల్లం కోరి కలిపాను. ముక్కలు కడిగిన సోడా నీళ్ళ గిన్నె అక్కడే ఉంది, డబ్బాలు రెండూ మూతల్లేకుండా పక్కపక్కనే ఉన్నాయి. పూజ గదిలోంచి అమ్మ "ఉప్పు వేశావా, నాన్నగారు సంకల్పం మొదలెట్టేశారు" అని కేకేసింది, ఆ కంగారులో ఊపిరి గట్టిగా వదిలాను, మంచు కమ్మేసింది, చేతికందిన డబ్బాలోంచి రెండు చెంచాలు నిండుగా వేసేశాను.

బుస్స్... మని చప్పుడు. గిన్నెలోంచి నురగ లేచింది, అంచు దాటింది, గట్టు మీదుగా పాకింది. చింతపండు పులుపుకి సోడా తగిలితే గ్యాసు పుడుతుందని ఏడో తరగతిలోనే చదివాను, కానీ పండగ పూట పొద్దున్నే సైన్సు ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి. గుమ్మంలోంచి చూసిన భీమవరం పిన్ని అయితే చేతులు జోడించేసింది. "పచ్చడి పొంగింది అక్కా! పాలు పొంగినట్టు పొంగింది! శుభకృత్ అంటే ఇదే!" అమ్మ అక్కణ్ణుంచే కళ్ళు తుడుచుకుంది. ఇంత జరిగాక నేనేం మాట్లాడతాను, కొత్త బెల్లం కదా నురగొచ్చిందేమో అనుకున్నాను. పోనీ రుచి చూద్దామా అంటే నైవేద్యం పెట్టకుండా నాలిక మీద పెట్టకూడదు.

నైవేద్యం అయింది. నాన్న శతాయుర్వజ్రదేహాయ అని శ్లోకం చెప్పారు, అందరం మాస్కులు గడ్డం కిందకి లాగి కప్పులెత్తాం.

నా నాలిక మీద పులుపు లేదు. తీపి ఉందో లేదో తెలీని జిడ్డు, వెనకాల బట్టల సబ్బు. గుండె ఝల్లుమంది. వచ్చేసింది, మళ్ళీ వచ్చేసింది, అదీ ఇంటిల్లిపాదీ చేరిన రోజున. పక్కకి చూస్తే మా ఆవిడ గోడవైపు చూస్తూ మింగుతోంది. బాబాయ్ ఒక గుటక వేసి మాస్క్ మెల్లిగా ముక్కు మీదకి లాక్కుని, ఏమీ ఎరగనట్టు కుర్చీని కిటికీ వైపు జరుపుకున్నారు. అమ్మ ఆశగా "ఎలా ఉందర్రా" అంది.

"అద్భుతం వదినా" అన్నారు బాబాయ్ మాస్క్ లోంచి.

"షడ్రుచులూ ఉన్నాయక్కా" అంది పిన్ని. నేనూ బావుందన్నాను, నేను చేసిందే అయినా.

రెండు నిమిషాలాగి ఎవరూ చూడకుండా వంటింట్లోకెళ్ళి కాఫీ పొడి డబ్బా మూత తీశాను, పరీక్ష చేసుకుందామని. అప్పటికే అక్కడ పిన్ని ఉంది. "కాఫీ పెడదామనీ..." అంది. వెనకే బాబాయ్ వచ్చారు, జన్మలో స్టవ్ వెలిగించని మనిషి, ఆయనా కాఫీ పెడదామనే వచ్చారట. పూజ గదిలో నాన్న అగరొత్తికి ఎంత దగ్గరగా వంగారంటే ముక్కు మీద బూడిద పడింది. మా ఆవిడ అమృతాంజనం సీసాతో పెరట్లో నిలబడి ఉంది. చివరికి బాబాయే గుటకలు మింగుతూ "నాకు వాసనొస్తోంది, రుచి రావట్లేదమ్మా" అనేశారు. నాకూ అంతే, నాకూ అంతే అని తలో మూలనుంచి గొంతులు లేచాయి. "వాసనొచ్చి రుచి పోయిందంటే ఇదేదో కొత్త వేరియంట్" అని మా బావగారు తేల్చేశాడు. ఆయన బ్యాగులో ఇంట్లో చేసుకునే టెస్ట్ కిట్ ఒకటే ఉంది, అది ఎవరి ముక్కుకి వాడాలన్న దాని మీద పావుగంట చర్చ. ఈలోపు నాన్న ఆరడుగుల దూరంలో కూర్చుని పంచాంగం తెరిచి, రాజు శని, మంత్రి గురువు అని వణుకుతున్న గొంతుతో చదువుతున్నారు. నా రాశికి రాజపూజ్యం ఎంతో వినలేదు గానీ అవమానం మాత్రం అప్పుడే ఖాతా తెరిచింది.

నాన్నమ్మ అప్పటిదాకా మూల కుర్చీలో కూర్చుని కప్పు ఖాళీ చేసేసింది. ఎనభై నాలుగేళ్ళు, మూడో డోసు కూడా పడింది, ఎవరి గోలా పట్టదు.

"ఒరేయ్ అబ్బాయ్, పచ్చడిలో సోడా ఎందుకేశావురా?"

ఇల్లంతా నిశ్శబ్దం. "నీకెలా తెలుసు నాన్నమ్మా?"

"నాలిక మీద పడగానే తెలీదూ! మీరంతా బావుంది బావుంది అంటుంటే ఈ కాలంలో ఇలాగే చేస్తారు కాబోలు, నాకెందుకొచ్చిన గొడవ అని తినేశా."

అమ్మ వంటింట్లోకి పరిగెత్తి రెండు డబ్బాల్లోనూ వేలు పెట్టి నాకి చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను. అందరికంటే ముందు నవ్వింది పెద్దమ్మ, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగలేక ఆగలేక. "మీ పెదనాన్నుంటే ఈ సోడాకి కూడా ఏదో ఫలం చెప్పేవారు కదరా" అంది. ఆవిడ అలా నవ్వగా చూసి ఏడాది దాటింది. ఇక మిగతావాళ్ళు మొదలెట్టారు, బాబాయ్ నవ్వి నవ్వి దగ్గితే వెంటనే నలుగురు మాస్కులు సర్దుకున్నారు.

మిగిలిన గుప్పెడు వేపపువ్వుతో రెండో పచ్చడి అమ్మే కలిపింది, నన్ను హాల్లో కూర్చోబెట్టి. ఈసారి పులుపు ఎంత గట్టిగా తగిలిందంటే అందరం ఒక్కసారే కళ్ళు మూసుకున్నాం.

ఆ సాయంత్రమే అమ్మ సోడా డబ్బా తీసి పై అరలో వెనక్కి నెట్టేసింది. పది రోజులయ్యాక మంచినీళ్ళకని వంటింట్లోకెళ్తే మళ్ళీ సింకు పక్కనే ఉంది, కాకపోతే మూత మీద తెల్ల ప్లాస్టర్ అంటించి పెన్నుతో పెద్దక్షరాలతో "వీడు ముట్టుకోకూడదు" అని రాసి ఉంది.