సవరణ: తాతగారి పతకాలు కుడివైపే

మాజీ సైనికుల స్మారక దినం గురించి మొన్న రాసిన టపాలో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది: తాతగారి పతకాలను మనవలు ఎడమ ఛాతీపై ధరించి కవాతులో నడవవచ్చని రాశాను. అది పొరపాటు. బ్రిటన్, ఆస్ట్రేలియా సంప్రదాయంలో ఎడమవైపు ఆ పతకం సంపాదించిన వారిది. కుటుంబ సభ్యులు కుడివైపు పెట్టుకుంటారు. చూడటానికి చిన్న తేడానే. కానీ కుడివైపు పతకాలున్న పద్నాలుగేళ్ల అమ్మాయిని చూడగానే అవి ఆమె దాచుకున్న జ్ఞాపకాలని తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది. ఇంత అందమైన పద్ధతిని తలకిందులుగా చెప్పినందుకు నాకే సిగ్గేసింది.

రెండోది: నవంబరు 11 అన్నిచోట్లా అమరుల దినమే అన్నాను. 1918లో ఆ రోజు ఉదయం 11 గంటలకు మొదటి ప్రపంచ యుద్ధం కాల్పుల విరమణ అమల్లోకి వచ్చిన మాట నిజమే. అయితే అమెరికాలో 1954 నుంచి అది వెటరన్స్ డే, అంటే సైన్యంలో పనిచేసిన వారందరికీ కృతజ్ఞత చెప్పే రోజు. అమరులను తలచుకునేది మే చివరి సోమవారం, మెమోరియల్ డే నాడు. బతికున్న పెద్దాయనకు సంతాపం తెలిపితే ఆయన నవ్వి ఊరుకోవచ్చు, సంతాపం చెప్పిన పిల్లలు మాత్రం సిగ్గుతో మళ్లీ ఆ పక్కకు రారు!

పనిలో పనిగా ఇంకొకటి. మాజీ సైనికులను ‘యుద్ధంలో భయంకరమైన సంఘటన చెప్పమని అడగండి’ అంటూ పిల్లలకిచ్చిన సలహా తీసేశాను. దాని బదులు, వారు ఇంటికి రాసిన మొదటి ఉత్తరంలో ఏముందో పిల్లలను అడగమనండి.