మేడ మీద పడవ

ఈ పూట నేను శ్రీకాకుళం తీరంలోని బారువకు ఎదురుగా నడిసముద్రంలో ఉన్నాను. ఒళ్లు మాత్రం బరంపురంలో మా మేడ మీదే ఉంది. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో మా బావమరిదికి తప్ప అందరికీ విడమరిచి చెప్పాలి.

సంక్రాంతి అరిసెలకు ఇంకా నెల రోజులుండగానే డాక్టరు గారు నా రక్తపరీక్ష కాగితం చూసి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "నడుస్తారా?" అని అడిగారు. నడుస్తానన్నాను. "ఎంత దూరం?" అన్నారు. స్కూటరు దాకా అన్న మాట పెదవి చివరికి వచ్చి ఆగింది.

భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయికి ఈ కబురు అందింది. "నడకంటే మీరు ఎండ అంటారు, వాన అంటారు. ఇంట్లో రోయింగ్ మిషను, అదే, కూర్చుని తెడ్డు వేసినట్టు లాగేది, పెట్టుకోండి నాన్నా. మోకాళ్ల మీద బరువు పడదు, ఒంట్లో పెద్ద కండరాలన్నీ కదులుతాయి" అన్నాడు. అక్కడ ఎవరో జిమ్ మూసేస్తుంటే సగం ధరకు కొని వ్యానులో పంపించాడు. అది ఎనిమిది అడుగుల పొడవుంది. ఎండ తగలకుండా వ్యాను డ్రైవరు దాని మీద తెల్ల దుప్పటి కప్పాడు. నలుగురం నాలుగు పక్కలా పట్టుకుని, "మెల్లగా, మెల్లగా" అనుకుంటూ గేటు దాటిస్తున్నాం. పక్కింటి ఒడియా మాస్టారు "కొణొ హెలా?" (ఏమైంది?) అంటూ పరుగున వచ్చి, మమ్మల్ని చూసి చెప్పులు విప్పేసి, చేతులు జోడించి నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. సరిగ్గా అప్పుడే మా అమ్మ మేడ మీద పిట్టగోడ పట్టుకుని, "ఏమి తెచ్చార్రా అది?" అని కేక వేసింది. మాస్టారు రెండు రోజుల పాటు మాతో మాట్లాడలేదు.

ఈ మిషన్లకు ఒక వంశం ఉంది. 1981లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో డిక్, పీట్ డ్రైసిగాకర్ అనే ఇద్దరు అన్నదమ్ములు, చలికాలంలో తెడ్డు సాధన ఆగిపోకుండా, సైకిలు చక్రంతో ఒకటి తయారు చేసి అమ్మకానికి పెట్టారట. వాళ్ల కంపెనీ పేరు కాన్సెప్ట్ 2. మా ఇంటికి వచ్చినది ఆ కంపెనీది కాదు, ఆ వంశానికి వేలు విడిచిన చుట్టం. గొలుసు చివర ఒక పిడి. ఆ పిడిని లాగితే ముందున్న పంజరంలో చక్రం గిర్రున తిరిగి గాలిని చీలుస్తుంది. మనం కూర్చునే పీట కింద నాలుగు చిన్న చక్రాలుంటాయి, అది ఇనప పట్టా మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. పాదాలను రెండు పట్టీలతో బిగించుకోవాలి. ఆ నాలుగు చక్రాలనూ ఆ పట్టీలనూ పాఠకులు కాస్త గుర్తు పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

చక్రం పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న మీట ఒకటి ఉంది. చిన్నప్పటి నుంచి దేనిలోనూ పదికి పది తెచ్చుకోలేదు గనుక మొదటి రోజే దాన్ని పది మీద పెట్టాను. నాలుగో రోజుకు నడుము పట్టేసింది. ఆ అంకె మగతనానికి కొలత కాదని, చక్రం లోపలికి ఎంత గాలి చొరబడాలో చెప్పే అంకె మాత్రమేనని అబ్బాయి ఆ తర్వాత చెప్పాడు. పది మీద పెడితే ఇసుక నింపిన నాటు పడవ లాగినట్టట. మామూలు మనుషులకు మూడుకూ అయిదుకూ మధ్య చాలునట.

ఈ ఆటలో అందరూ చెప్పుకునే దూరం 2,000 మీటర్లు. 2018లో జోష్ డంక్లీ-స్మిత్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు దాన్ని 5 నిమిషాల 35.8 సెకండ్లలో లాగి ప్రపంచ రికార్డు పెట్టాడు. నాకు 13 నిమిషాలు పట్టింది, మధ్యలో వచ్చిన ఫోను సమయం తీసేసి. వేగం రెట్టింపు కావాలంటే బలం ఎనిమిది రెట్లు కావాలని ఈ మిషను సూత్రం. ఆ సూత్రం ప్రకారం ఆయన్ని అందుకోవడానికి నాలాంటివాళ్లు పన్నెండున్నర మంది కావాలని మా అబ్బాయి లెక్క తేల్చాడు. ఆ అర మనిషి ఎవరో అడగలేదు. చిన్నప్పుడు నేను వాడికి లెక్కలు చెప్పిన పాపం అది.

లాగే పద్ధతి నేర్పింది మాత్రం అబ్బాయి కాదు. గోపాల్‌పూర్ నుంచి ఆదివారాలు చేపల గంపతో మా వీధికి వచ్చే అమ్మాయమ్మ ఒకతె ఉంది. తరతరాలుగా ఆ ఒడ్డున ఉంటూ ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబం. మెట్లెక్కి వచ్చి, గంప దించి, నేను లాగుతుంటే చాలాసేపు నోరు తెరిచి చూసింది.

"చేతులతో లాగుతారేమిటి బాబూ? కాళ్లతో తన్నాలి. కాళ్ల తర్వాత నడుము, ఆఖరుకు చేతులు. వచ్చేటప్పుడు ముందు చేతులు, తర్వాత నడుము, కాళ్లు ఆఖరు" అంది.

అబ్బాయి పంపిన వీడియోలో తెల్లదొర ఇరవై నిమిషాలు చెప్పింది అదే. బలంలో సగానికి పైగా కాళ్లదేనట. నేను ఆశ్చర్యపోతుంటే ఆమె మా ఆవిడతో, "మా ఇంటాయన తెడ్డు మాని మోటారు పెట్టుకున్నాడమ్మా, దాని అప్పు ఇంకా తీరలేదు. బాబుగారికి స్కూటరు ఉండి కూడా డబ్బు పోసి తెడ్డు కొనుక్కున్నారు" అని వంజరం ముక్కలు తూచసాగింది. ఆ మాటలో జాలి ఎవరి మీదో నాకు ఇప్పటికీ తేలలేదు.

పద్ధతి వస్తే సరిపోదు, రోజూ ఎక్కాలి కదా. ఉత్సాహం కోసం నేనొక ఉపాయం పన్నాను. ఇంటి గోడ మీద కోస్తా పటం అంటించి, గోపాల్‌పూర్ దగ్గర ఎర్ర గుండుసూది గుచ్చాను. రోజుకు రెండు కిలోమీటర్లు లాగుతూ సముద్రం మీదుగా విశాఖపట్నం, అంటే మా అత్తవారిల్లు, చేరాలి. సుమారు 250 కిలోమీటర్లు. నూట ఇరవై అయిదు రోజులు. సంక్రాంతి మర్నాడు బయలుదేరితే మే నెల సగానికి, మామిడిపళ్ల వేళకు అత్తగారి గుమ్మంలో దిగుతాను. తెడ్డు వేసేవాడు ఎటు పోతున్నాడో అటు వీపు పెట్టి కూర్చుంటాడు. అంచేత మిషనును కూడా దిక్కు చూసి తిప్పించాను, ముఖం బరంపురం వైపు, వీపు అత్తవారింటి వైపు. "పెళ్లయిన దగ్గర నుంచి అలాగే వెళుతున్నారు" అంది మా ఆవిడ.

పొరపాటు ఏమిటంటే ఈ సంగతి బావమరిదికి చెప్పడం. అతను దీన్ని నిజం ప్రయాణంలాగే పట్టుకున్నాడు. పొద్దున్నే ఫోను. "బావగారూ, ఎక్కడి దాకా వచ్చారు?" బాహుదా నది సముద్రంలో కలిసే సునాపూర్ దాటి ఆంధ్ర నీళ్లలో అడుగుపెట్టిన రోజు నేనే ఫోను చేసి చెప్పి, ఆ సంతోషంలో నాలుగు రసగుల్లాలు తిన్నాను. ఆ తర్వాత ఫిబ్రవరి వచ్చింది. పెళ్లిళ్లు వచ్చాయి. తర్వాత ఆఫీసులో మార్చి నెల. గుండుసూది ఇచ్ఛాపురం ఎదురుగా లంగరు వేసుకుని కూర్చుంది. "బావగారూ, బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, పోనీ ఒడ్డుకు వచ్చేయండి" అని ఒకసారి. "అమ్మ గుత్తి వంకాయ చేసింది, భీమిలి దాకా వచ్చి ఉంటే క్యారేజీ పంపేవాళ్లం" అని ఇంకోసారి. ఉత్సాహం కోసం పెట్టుకున్న పటం వైపు చూడటానికి సిగ్గేసి, దాని మీద క్యాలెండరు తగిలించాను.

మళ్లీ నన్ను మిషను ఎక్కించింది మా అమ్మ.

ఏప్రిల్‌లో కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఫ్యాను ఆగి, ఉక్కపోతలో ఏమీ తోచక నేను మిషనెక్కి నాలుగు లాగుళ్లు లాగాను. ముందు కూర్చుని వత్తులు చేసుకుంటున్న అమ్మ ఉన్నట్టుండి తలెత్తింది. పంజరంలోంచి గాలి వస్తోంది. అమ్మ వత్తులు పక్కన పెట్టి, కుర్చీ ఇంకో మూరెడు ముందుకు జరుపుకుని, కళ్లు మూసుకుని, "ఆపకు నాయనా" అంది.

అంతే. నా ఉత్సాహం నాతో పని లేకుండా నడవసాగింది. కరెంటు పోగానే కుర్చీ జరిగిన చప్పుడు, వెంటనే పిలుపు. "కాస్త గట్టిగా లాగరా, పక్కకు పోతోంది గాలి." గంటసేపు కోత అయితే నాలుగు కిలోమీటర్లకు తక్కువ కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేని సంగతి తలుచుకుని, "అప్పుడే ఈ మిషను ఉండి ఉంటే ఎంత బాగుండేది" అని అమ్మ నిట్టూర్చింది. నా గుండె ఒక్క క్షణం ఆగి మళ్లీ కొట్టుకుంది. గుండుసూది మాత్రం చకచకా దక్షిణానికి జరిగి బారువ సమీపించింది.

మొన్న ఆదివారం పది గంటలకు స్నానం చేసి, బనియను వేసుకుని, కొత్త లుంగీ కట్టుకుని వచ్చానో లేదో కరెంటు పోయింది. అబ్బాయి కొనిచ్చిన నిక్కరు తీగ మీద ఆరుతోంది. "ఒక్క పది నిమిషాలేలే" అనుకుని అలాగే ఎక్కాను. ఆ రోజు చెయ్యి కుదిరింది. కాళ్లు, నడుము, చేతులు. చేతులు, నడుము, కాళ్లు. అమ్మ ముంగురులు ఎగురుతున్నాయి. మీకూ కరెంటు పోయిందా అని అడగడానికి మాస్టారు వచ్చారు (కరెంటు పోతే పక్కింటికి వెళ్లి అడగడం మా వీధి ఆచారం), గాలి తగిలి ఆయనా అమ్మ పక్కన కూర్చున్నారు. ఇద్దరు ప్రేక్షకులు. నేను ఇంకాస్త జోరు పెంచాను.

నడుము దగ్గర లుంగీ బిగుసుకుంటున్నట్టు అనిపించింది. పొట్ట తగ్గితే వదులవ్వాలి గానీ బిగుసుకోవడమేమిటి అనుకుంటూ ఇంకో రెండు లాగుళ్లు లాగాను. పీట ఠక్కున ఆగింది. పిడి చేతిలోంచి జారి ఠపీమని వెళ్లి పంజరానికి కొట్టుకుంది. వంగి చూస్తే లుంగీ అంచు పీట చక్రాల కిందకు చేరి, చుట్టలు చుట్టుకుని, మోకాలి దాకా లోపలికి పోయింది. పాదాలు పట్టీల్లో ఉన్నాయి. పట్టీలు విప్పుకుని లేవవచ్చు. లేస్తే నేనొక్కడినే లేస్తాను, లుంగీ లేవదు.

"ఆపావేమిరా?" అంది అమ్మ, కళ్లు తెరవకుండానే.

నేను రెండు చేతులతో ముడి పట్టుకుని మా ఆవిడను పిలిచాను. ఆమె గరిటెతో సహా వచ్చింది. వెనకే, చేపలు బేరానికి తెచ్చిన అమ్మాయమ్మ. మాస్టారు మర్యాదగా గోడ వైపు తిరిగి, కత్తెరతో కత్తిరించమని తెలుగులో సలహా ఇచ్చారు. "కొత్త లుంగీ అండీ" అని మా ఆవిడ పీట అవతల నుంచి లాగింది. ఆమె లాగిన కొద్దీ ముడి నా చేతుల్లోంచి జారుతోంది.

"లాగకండమ్మా" అని గంప దించింది అమ్మాయమ్మ. "వల చిక్కుపడితే లాగకూడదు. ఎలా పోయిందో అలాగే వెనక్కి రానివ్వాలి." చక్రం దగ్గర కూర్చుని, గుడ్డను వేళ్లతో వదులు చేస్తూ, "బాబూ, కాస్త ముందుకు... చాలు... ఇంకొంచెం" అని నన్ను జానెడు జానెడు నడిపించింది. నా పరువు కూడా ఆ లుంగీతో పాటే, నల్లటి గ్రీజు చారలతో, చుట్ట చుట్టగా బయటికి వచ్చింది. సరిగ్గా చివరి చుట్టకు కరెంటు వచ్చి, పైన ఫ్యాను తిరిగింది. "ఇక చాల్లే, నువ్వు లే" అంది అమ్మ.

ఆ పూట కానాగంత చేపలకు అమ్మాయమ్మ చెప్పిన ధరే ఇచ్చాం. మా ఆవిడ బేరం ఆడకపోవడం ఇరవై ఆరేళ్లలో మొదటిసారి చూశాను.

నేను నిక్కరు కోసం వెళుతుంటే ఫోను మోగింది. మా ఆవిడ ఎత్తింది. "మీ బావగారా? బారువ దగ్గర ఉన్నారు. లేదురా, తుపానేమీ లేదు. తెరచాప చిక్కుకుంది" అని చెప్పి, నవ్వు ఆపుకోలేక ఫోను నాకు అందించబోయింది.

ఇంతలో ఫ్యాను మళ్లీ ఆగింది. పక్క గదిలో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.