మాయాబజార్‌కీ భారత మిట్టకీ చుట్టరికం

‘మాయాబజార్’ మాట రాగానే చాలామంది ట్రిక్ షాట్ల దగ్గరే ఆగిపోతారు. గ్రాఫిక్స్ లేని 1957లో అదంతా ఎలా తీశారా అన్న ఆశ్చర్యం సహజమే. నన్ను అంతకన్నా ఎక్కువగా పట్టి లాగేది, ఏది చూపాలి, ఏది ప్రేక్షకుడికి వదిలేయాలి అని కళాదర్శకులు గోఖలే, కళాధర్ తీసుకున్న నిర్ణయాలు.

కౌరవుల కోసం ఘటోత్కచుడు కట్టించిన విడిదినే తీసుకోండి. అక్కడ గింబళి అనే తివాచీ తనంతట తానే చుట్టుకుపోతుంది. గోడలు, స్తంభాలు, పెళ్లివారి హడావిడి అన్నీ కుదురుగా, నిజమైన విడిదిలా ఉన్నాయి కాబట్టే కదిలిన ఆ ఒక్క వస్తువు మీదికి కన్ను పోతుంది, నవ్వొస్తుంది. వివాహ భోజనం దగ్గరా అంతే. గారెలు, బూరెలు మన ఇళ్లలో పెళ్లి వంటలే. మాయంతా ఎస్వీ రంగారావు ఆకలిలో ఉంది.

ఇక వెన్నెల. మార్కస్ బార్‌ట్లే కెమెరా పట్టిన పడవ పాటలో నీటి మీద మెరుపు, మొహాల మీద మెత్తని వెలుగు, వెనక చెట్ల చీకటి. ఈ మూడింటి పాళ్లు తప్పితే పాటలోని గుట్టు పోతుంది. ఆ నీళ్ల మీద తిరిగేది శశిరేఖా అభిమన్యులిద్దరే అయితే అది మామూలు యుగళగీతం. కృష్ణుడూ రుక్మిణీ, బలరాముడూ రేవతీ కూడా అక్కడికే చేరతారు. పిల్లల దొంగ ప్రేమనూ పెద్దల సరసాన్నీ ఒకే వెన్నెల కప్పుతుంది. 2010లో వచ్చిన రంగుల ప్రతి కొత్త తరాన్ని థియేటర్‌కు రప్పించింది, సంతోషం. ఈ పాటను మాత్రం నలుపు తెలుపులోనే చూడాలని నా పట్టు.

మా చిత్తూరు, తిరుపతి పల్లెలకు ఈ పద్ధతి ఎప్పటినుంచో తెలుసు. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర, భారత మిట్ట అని పిలిచే స్థలంలో, భారతం (రోజుల తరబడి సాగే మహాభారత ఉత్సవం) పెడితే పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జున తపస్సు రోజు నాటేది ఎత్తైన మాను ఒక్కటే. మంచు ఉండదు, పర్వతాల తెర ఉండదు. వేషధారి పద్యాలు పాడుతూ మెల్లగా పైకెక్కుతుంటే కింద జనం మెడలెత్తి చూస్తారు. ఆ చూపుతోనే కొండ తయారవుతుంది. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద సాష్టాంగపడి, పైనుంచి రాలే ప్రసాదం కోసం ఎదురుచూస్తారు. ఏ సెట్టింగూ సాధించలేని నమ్మకం అది. చివరి రోజు దుర్యోధనుడు నేల మీద పడుకున్న మట్టి బొమ్మ, మనిషికి ఎన్నో రెట్లు. భీముడి గద ఎక్కడ పడబోతోందో ఆఖరి వరసలో ఉన్న ముసలమ్మకు కూడా తెలియాలి, అందుకే ఆ సైజు.

‘పాతాళ భైరవి’ (1951) గుహలో భారీ విగ్రహం కూడా అంతే. దాని ముందు తోట రాముడు ఎంత చిన్నగా కనబడితే అతని సాహసం అంత పెద్దదవుతుంది.

ఇప్పటి జానపదాల్లో ఫ్రేమ్‌లో అంగుళం ఖాళీ ఉండదు. కోట వెనక కోట, జలపాతం వెనక జలపాతం. ఎక్కడ ఆగాలో తెలియక కన్ను అలసిపోతుంది. కంప్యూటర్‌ను తప్పుపట్టి లాభం లేదు, దాన్ని వాడే ముందు ఆలోచన జరగడం లేదు.

తిరుపతిలో యానిమేషన్ నేర్పే మాస్టార్లకు నాదో విన్నపం. వచ్చే ఎండాకాలం పిల్లల్ని ఒక భారత మిట్టకు తీసుకెళ్లండి. దుర్యోధనుడి బొమ్మ పూర్తయ్యాక వెళితే సగం పాఠం పోయినట్టే. మట్టి పోస్తున్నప్పుడే వెళ్లి, తొడకు ఎంత మట్టి వేస్తున్నారో, మీసం ఎంత దూరానికి కనబడేలా దిద్దుతున్నారో ఆ చేసేవాళ్లనే అడగనివ్వండి.