పేద గారికి ఒక ఉత్తరం

పేద గారికి,

'పేద' అనే మాటవి కదా, నీకు 'గారు' తగిలించడం బహుశా ఇదే మొదలు. కలెక్టరు గారు, కాంట్రాక్టరు గారు, కామందు గారు ఎటు చూసినా కనిపిస్తారు. పేద గారు మాత్రం ఎక్కడా తగల్లేదు. మామూలుగా 'పేదవాడు' అంటారు, మర్యాద మరీ ముంచుకొస్తే 'పేదలు' అంటారు. నీకు బహువచనం దక్కేది గుంపులో ఉన్నప్పుడే. అలవాటు లేని పని కనుక గారుని ఇక్కడితో ఆపి 'నువ్వు' అనే అంటాం. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా పేదవాడి కోపం పెదవికి చేటని సామెత ముందే కట్టి ఉంచుకున్నాం.

ముందుగా నీ కుటుంబం సంగతి. నిర్దోషి అంటే దోషం లేనివాడు. నిర్భయుడంటే భయం లేనివాడు. ఆ లెక్కన నిరుపేద అంటే హాయిగా బతికేవాడు కావాలి. ఊరందరికీ ఉన్నదాన్ని తీసేసే ఆ 'నిర్' ముక్క, నీ దగ్గరికొచ్చేసరికి తీసేయడానికి ఏమీ దొరక్క, ఉన్న లేమినే రెట్టింపు చేసి పోయింది. చీకటికీ ఉపవాసానికీ పెట్టే 'కటిక' కూడా నీకే అంటింది.

నీ దాయాదుల్లో దరిద్రుడి పుట్టుక ఇంకా సొగసు. సంస్కృతంలో ఆ మాట వెనకున్న ధాతువుకు అటూ ఇటూ పరుగెత్తడమని అర్థం. ఊరి సచివాలయం నుంచి తహసీల్దారు ఆఫీసుకు, అక్కణ్ణుంచి ఆధార్ కేంద్రానికి, వేలిముద్ర పడక మళ్లీ సచివాలయానికి తిరిగేవాళ్లను చూస్తే ధాతువు చెక్కుచెదరలేదనిపిస్తుంది. గరీబు అరబ్బీ నుంచి వచ్చాడు. అక్కడ అతనికి పరాయివాడని పేరు. గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర రోజూ రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికెళ్లే పనమ్మాయికి ఈ అర్థం నిఘంటువు చూడకుండానే తెలుసు.

దరిద్రాన్ని ఇప్పుడు డబ్బు లేకపోవడానికి ఎవరూ వాడటం లేదు. ట్రాఫిక్ దరిద్రంగా ఉంటుంది, హోటల్లో కాఫీ దరిద్రంగా ఉంటుంది. అలా ఆ మాట తిట్ల ఖాతాలోకి జమైపోయాక, సభల్లో పలకడానికి బరువైనవి కావలసి వచ్చాయి. బడుగు, బలహీన, అణగారిన, అట్టడుగు. వీటికి ఒక సౌకర్యం ఉంది. కులం పేరు ఎత్తకుండా కులం గురించి, జీతం సంగతి ఎత్తకుండా జీతగాడి గురించి అరగంట మాట్లాడొచ్చు.

ఇక నిన్ను కొలిచిన చరిత్ర. మొదట పొట్ట దగ్గర టేపు పెట్టారు. 1979లో ప్రణాళికా సంఘం వేసిన అలఘ్ బృందం మనిషికి రోజుకు పల్లెలో 2,400 కేలరీలు, పట్నంలో 2,100 అంది. 1973-74 ధరల్లో అందుకు నెల ఖర్చు పల్లెలో 49 రూపాయల 9 పైసలు, పట్నంలో 56 రూపాయల 64 పైసలు. తొమ్మిది పైసల్ని కూడా వదల్లేదు చూడు, పదో పైస ఉన్నవాడు గట్టెక్కినట్టే. 2011లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు రోజుకు పట్నంలో 32 రూపాయలు, పల్లెలో 26 ఖర్చు పెట్టగలిగితే పేద కాడని రాసిచ్చింది. దేశమంతా నవ్వింది. తర్వాత 2011-12కి ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్ పద్ధతిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలకు గీసిన పేదరికపు గీత నెలకు 860 రూపాయలు. రోజుకు 28 రూపాయల 67 పైసలు. దానికి ఎవరూ నవ్వలేదు, అప్పటికి నవ్వు అయిపోయింది.

ఈ గీతలో ఒక మెలిక ఉంది. ఇది సంపాదనను కొలవదు, ఖర్చును కొలుస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆసుపత్రిలో కట్టినా అది ఖర్చే. బిల్లు కట్టిన ఏడాది ఆ ఇల్లు గీత పైకి ఎక్కి కూర్చుంటుంది. దిగడానికి నిచ్చెన అక్కర్లేదు.

కౌంటర్ల దగ్గర నీ అవతారాలు వేరు. ఆంధ్రలో బియ్యం కార్డు కావాలంటే కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు, కరెంటు సగటున నెలకు 300 యూనిట్లకు లోబడి ఉండాలి. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే పరవాలేదు. తెలంగాణలో కొలత ఏడాదికి, పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు. ఆంధ్ర కొలతలో తన్నేసేది కరెంటు దగ్గర. ఒకే మీటరు మీద మూడు వాటాలుంటే, ఆ మీటరు ఎవరి ఆధార్‌కు ముడిపడితే వాళ్లు మూడిళ్ల ఫ్యాన్ల గాలి పీల్చిన సంపన్నులవుతారు.

అదే వీధిలో ఇంకో కౌంటరుకు పద. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణతో రిజర్వేషన్ కోసం వచ్చిన 'ఆర్థికంగా బలహీన వర్గం' అక్కడుంది. ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, అంటే నెలకు 66 వేల పైచిలుకు. ఎస్సీ, ఎస్టీ, బీసీల్లో పూటకు లేనివాళ్లయినా ఈ బలహీనుల్లోకి రారు. వాళ్లకు వేరే కోటా ఉందిగా అంటారు. ఈ బలహీనుల కోటా చెల్లుతుందని సుప్రీంకోర్టు 2022 నవంబరులో 3-2తో తేల్చింది, ఆ గొడవ మనకొద్దు. మన గొడవ మాట గురించే. కూలికెళ్లే మాదిగ ఇల్లాలు 'ఆర్థికంగా బలహీన' కాదట, నెలకు అరవై వేలు తెచ్చుకునే బాబు అవునట. నిన్నింతలా సాగదీస్తే రబ్బరు బ్యాండు కూడా తెగుతుంది.

2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా ఆదాయప్పన్ను లేకుండా చేసి, మధ్యతరగతికి ఊరట అన్నారు. కలిపి చూసుకో. నెలకు లక్షవాడు మధ్య. 66 వేలవాడు బలహీనుడు. 12 వేలవాడు పేద. 12 వేల ఒక రూపాయివాడికి ఇంకా పేరు పెట్టలేదు.

జాగాల పేర్లలోనూ ఇదే తికమక. హైదరాబాద్‌లో 'కాలనీ'లో ఉంటామంటే కుర్చీ వేస్తారు. పల్లెలో 'కాలనీ' అంటే ఎస్సీలకు సర్కారు కట్టించిన ఇళ్లు, అక్కడివాళ్లమంటే కుర్చీ లోపల పెట్టేస్తారు. కోస్తాలో పాతతరానికి బస్తీ అంటే పట్నం, సినిమా హాలుండే చోటు. హైదరాబాద్‌లో బస్తీ అంటే నువ్వుండే చోటు. బియ్యంలోనూ అంతే. సన్నవి, దొడ్డువి అన్నది గింజ తేడా, కానీ పెళ్లిలో 'కంట్రోలు బియ్యం పెట్టారు' అన్నారంటే ఆ మాట గింజ మీద కాదు.

ఇంతకీ నిన్ను నీ జనం వాడరు. గమనించావా? 'మేం పేదలం' అనేది అర్జీలో రాసేటప్పుడు, అదీ రాసిపెట్టేవాడు అన్నప్పుడు. మిగతా వేళల్లో 'లేనోళ్లం' అంటారు, 'కూలి చేసుకునేటోళ్లం' అంటారు, 'రెక్కాడితే గానీ డొక్కాడదు' అంటారు. ఆ చివరి మాటను పత్రికలవాళ్లు పదేపదే వాడి అరగదీశారు గానీ, నిజానికి అది పక్కా లెక్క. నిల్వ సున్నా, ఆదాయం రోజువారీ, ఆస్తి రెండు చేతులు. ఒక్క జ్వరానికి మూడూ పోతాయి.

సర్వేకు వెళ్లేవాళ్లు నిన్ను ఇంటిదగ్గరే వదిలి వెళితే మంచిది. 'మీరు పేదలా?' అని అడిగితే కార్డు పోతుందేమోనని అందరూ అవుననే అంటారు. ఈ నెల ఎన్ని రోజులు పని దొరికింది, కూలి ఎంత ముట్టింది, చేను సొంతమా కౌలా, అప్పు ఎవరి దగ్గర, నూటికి ఎంత అని అడగాలి. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం, పదివేలకు నెల నెలా మూడొందలు. కౌలా అన్న ప్రశ్న అసలు వదలకూడదు. తెలంగాణలో 2018లో పంటకు ఎకరాకు 4,000 ఇచ్చినప్పుడు 'రైతు' అంటే పట్టాదారు అనే రాసుకున్నారు. దున్నినవాడికి ఆ మాటలో చోటు దొరకలేదు.

నీ వివరాలు కూడా ఒకసారి సరిచూసుకో. వచ్చేటప్పుడు ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, కరెంటు బిల్లు, రెండు ఫొటోలు తెచ్చుకో. పేరు ఎక్కించే కుర్రాడి పక్కనే నిలబడి తెర మీద అక్షరాలు చూసుకో. నీకున్న ఆస్తి ఒక్క దీర్ఘమే. అది జారి 'పెద' అని పడిందనుకో, పెదబాబు గారి తాలూకు అనుకుని అనర్హుల జాబితాలో కలిపేస్తారు.

ఇట్లు,
నిన్ను రోజూ వాడుకునేవాళ్లు