లిఫ్టుతో చిటుక్కు

సంక్రాంతి వెళ్లిన వారంలో మా దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ఒక నోటీసు వెలిసింది: "లిఫ్టుకు కరెంటు పాస్ అవుతోంది. మెట్లు వాడగలరు." కింద సెక్రటరీ గారి సంతకం. రిటైరైన అకౌంటెంటు. ఆయన సంతకానికి అప్పీలు లేదు.

జరిగింది ఇంతే. ఊలు స్వెట్టరుతో సోఫాలో సాయంత్రమంతా కూర్చున్న ఆయన, పై ఫ్లాటువాళ్లకు మిగిలిన అరిసెలు ఇద్దామని పళ్లెం పట్టుకుని, రబ్బరు చెప్పులేసుకుని లేచారు. లిఫ్టు హ్యాండిల్‌కు వేలు ఆనీ ఆనకముందే చిటుక్కుమంది. పళ్లెం ఎగిరింది. ఒక అరిసె నిలువునా దొర్లుకుంటూ వెళ్లి, గడప సందులోంచి లిఫ్టు గుంతలోకి దూకేసింది.

ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. అయినా "ఎర్తింగ్ వీకైంది సార్" అన్నాడు. ఏమీ తోచనప్పుడు అదే అంటారు లెండి. పార్కింగులోని ఎర్తింగ్ గుంతకు బస్తా ఉప్పు, బస్తా బొగ్గు, బకెట్ల కొద్దీ నీళ్లు నైవేద్యం పెట్టాం. మర్నాడు సాయంత్రం మళ్లీ చిటుక్కు. మళ్లీ ఆయనకే.

పుస్తకాల సంచితో మెట్లెక్కి విసిగిపోయిన ఇంటర్ అమ్మాయి తేల్చేసింది. "లిఫ్టు మిమ్మల్ని కొట్టట్లేదంకుల్, మీరే లిఫ్టును కొడుతున్నారు. ఆ కొత్త సోఫా కవరు పాలిస్టరేగా?"

చలికాలం పొడిగాలి, కాళ్లకు రబ్బరు. సోఫాకు ఊలు రాసుకుని ఒంట్లో చేరిన విద్యుత్ ఛార్జికి పోయే దారి లేదు. చురుక్కుమందంటే రెండు మూడు వేల వోల్టులైనా ఉంటుందట.

"మూడు వేలా! మరి నేనింకా ఉన్నానేమ్మా?"

"వోల్టులే ఎక్కువ, సరుకు తక్కువంకుల్. ఐదు వేలనుకున్నా కదిలేవి సుమారు మూడు లక్షల కోట్ల ఎలక్ట్రాన్లే."

మన రాష్ట్రం 2025-26 బడ్జెట్టూ దాదాపు అన్ని రూపాయలే. కాకపోతే ఇక్కడ కన్ను మూసి తెరిచేలోగా మొత్తం ఖర్చయిపోయింది.

సెక్రటరీ గారికి అసలు సందేహం వేరే. "నావి భూమిలోకి పోయాయా?"

"పోలేదు, వచ్చాయి. పాలిస్టరుతో రాసుకుంటే ఊలు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది. కొరత మీ వైపే. లిఫ్టును ముట్టగానే ఎర్తు తీగ మీదుగా భూమి పూడ్చేసింది."

"అప్పా?"

"భూమికి అది లెక్కలోకే రాదంకుల్. ఈసారి తాళంచెవి గట్టిగా పట్టుకుని దాని కొసతో ముట్టండి. చిటుక్కు దానికి తగులుతుంది, వేలికి నొప్పుండదు."

నోటీసు ఊడింది. ఉప్పు, బొగ్గు బిల్లు మాత్రం తెగలేదు. లిఫ్టు అందరిదని ఆయన, సోఫా ఆయనదని రెండో అంతస్తువాళ్లు.