పెద్దమ్మ బరువు, పెదనాన్న లెక్క

బ్యాంకులో క్యాషియరుగా పనిచేసినన్నాళ్ళూ సాయంత్రం లెక్కలో ఒక్క రూపాయి తేడా రానివ్వలేదని మా పెదనాన్న ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా పెద్దమ్మ కొంగు సర్దుకుంటుంది. అంటే యుద్ధానికి సిద్ధమన్నమాట. తెనాలిలో వాళ్ళింటికి నేను వెళ్ళేసరికి హాల్లో మంచం మీద రెండు దిండ్లున్నాయి, ఎప్పుడూ కుర్చీలోనే ఉండేవాళ్ళకు ఒత్తిడికి పుండు పడకుండా కింద వేసుకునేవి. కొత్తగా వచ్చిన మూడోది చక్రాల కుర్చీలో, పెద్దమ్మ కింద ఉంది. నన్ను కూర్చోమనడం ఇద్దరూ మరిచిపోయారు.

పెద్దమ్మ: దీన్ని తయారుచేసినవాడు ఎప్పుడైనా దీని మీద కూర్చున్నాడా?

పెదనాన్న: గట్టి ఫోమ్. విజయవాడ నుంచి తెప్పించాను. నీ బరువుకు ఇదే సరైనదన్నాడు కొట్టువాడు.

పెద్దమ్మ: నా బరువెంతని చెప్పారేమిటి?

పెదనాన్న: ఉన్నదే చెప్పాను. 81.

(పెద్దమ్మ కళ్ళజోడు తీసి తుడిచింది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.)

పెద్దమ్మ: 81 ఏమిటి? రూపాయలా?

పెదనాన్న: కిలోలు. దగ్గరుండి కాటా వేయించాను కదా.

పెద్దమ్మ: ఒరేయ్ నాన్నా, ఏ కాటా మీదో అడుగు మీ పెదనాన్నని. పాత ఇనుము కొట్టు కాటా! కుర్చీతో సహా తీసుకెళ్ళి, విరిగిన సైకిళ్ళ పక్కన పెట్టారు నన్ను. ఆ కుర్రాడు అలవాటుకొద్దీ కిలోకు ఎంతో చెప్పబోయాడు.

పెదనాన్న: చెప్పలేదు కదా.

పెద్దమ్మ: మీరు బేరం మొదలుపెడతారేమోనని నేనే దగ్గాను.

పెదనాన్న: కుర్చీ ఎక్కించగలిగిన కాటా మన వీధిలో అదొక్కటే. ఇంట్లో మిషను మీద నువ్వు నిలబడలేవు. బరువు తెలియకుండా కుషన్ ఎలా తీసుకుంటాం? మరీ మెత్తనిదైతే పూర్తిగా అణిగిపోయి ఎముక వెళ్ళి అడుగుకు తగులుతుంది. మరీ గట్టిదైతే ఒళ్ళు అందులోకి దిగదు, భారమంతా కూర్చునే ఎముకల మీదే పడుతుంది.

పెద్దమ్మ: ఇప్పుడు పడుతున్నది అక్కడే. ఆ 81 కిలోల ఆవిడకైతే ఇది హాయిగా ఉంటుంది. ఇంతకీ ఎవరండీ ఆవిడ?

పెదనాన్న: ఆవిడెవరు? నువ్వే!

పెద్దమ్మ: నేను కాదు. ఆవిడెవరో చెబితే ఆవిడ సామాను ఆవిడకు పంపించేద్దాం.

పెదనాన్న: పోనీ, మొదట తెచ్చిన ఆ గుండ్రటిది వేసుకో. మధ్యలో ఖాళీ ఉంది. పుండు పడే చోట ఏమీ తగలదు.

పెద్దమ్మ: ఆ గారె మీద నేను కూర్చోను. ఫిజియోథెరపీ అమ్మాయి ఏమంది? చుట్టూ ఉన్న అంచు ఒళ్ళు నొక్కేసి మధ్యలోకి రక్తం సరిగా రానివ్వదంది. కాపాడాలనుకున్న చోటే చెడుతుందంది. మీరెక్కడ విన్నారు! కాఫీలో చక్కెర ఎంత వేయాలని ఆ అమ్మాయిని అడగడంలో ఉన్నారు.

పెదనాన్న: అయితే పాతదాని మీదే తువ్వాలు నాలుగు మడతలు...

పెద్దమ్మ: వేశారుగా. ఆ మడత అచ్చు దిగినచోటే కదా ఎర్రబడింది.

(పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించారు.)

పెదనాన్న: పొద్దున చూశాను. వేలితో నొక్కితే తెల్లబడి, తీయగానే మళ్ళీ రంగు వచ్చింది. నొక్కినా ఎరుపు అలాగే ఉండిపోతే అప్పుడు భయపడాలి. రూపాయి బిళ్ళంత ఉన్నది అర్ధరూపాయంత అయింది. వేడి కూడా లేదు. పుస్తకంలో రాశాను.

(ఆ పుస్తకం నేను చూశాను. టార్చిలైటు వేసుకుని రోజూ పొద్దున చేసే తనిఖీ తాలూకు చిట్టా అది. ఎడమ, కుడి, నడుము కింద అని మూడు గడులు. కొన్ని తేదీల ఎదురుగా ‘కోపంగా ఉంది’ అని రాశారు. చర్మం గురించో, పెద్దమ్మ గురించో తెలియలేదు.)

పెద్దమ్మ: చూస్తే చూశారు, నూనె పెట్టి రుద్దకండి. ఎర్రబడ్డ చోట రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుందట.

పెదనాన్న: రుద్దలేదు.

పెద్దమ్మ: సీసా తీశారు. నా వీపుకు కళ్ళు లేకపోవచ్చు, ముక్కు ముందే ఉంది.

(ఇంతలో పెదనాన్న ఫోనులో అలారం మోగింది. ఆ ఇంట్లో అది అరగంటకోసారి మోగుతుంది.)

పెదనాన్న: వంగు.

పెద్దమ్మ: వంగుతున్నాను. ఇది నమస్కారమనుకుని మురిసిపోకండి.

(పెద్దమ్మ ఛాతీ మోకాళ్ళకు ఆనేదాకా ముందుకు వంగింది. పడిపోకుండా పెదనాన్న భుజం పట్టుకున్నారు. ఎముకల మీద భారం తగ్గి అక్కడికి రక్తం మళ్ళీ చేరాలంటే రెండు నిమిషాలైనా అలా ఉండాలి. తగాదాకు మాత్రం విరామం లేదు.)

పెద్దమ్మ (మోకాళ్ళ మధ్య నుంచి): ఈ కుర్చీ ఎంత?

పెదనాన్న: ధరా?

పెద్దమ్మ: బరువు!

పెదనాన్న: 18 కిలోలు. అట్టపెట్టె మీద రాసి ఉంది.

పెద్దమ్మ: నన్ను తూచినప్పుడు కుర్చీ ఎక్కడుంది?

పెదనాన్న: నీ కిందే ఉం...

(భుజం వదిలేయబోయి మళ్ళీ గట్టిగా పట్టుకున్నారు.)

పెద్దమ్మ: ఒక్క రూపాయి తేడా రానివ్వలేదట, బ్యాంకులో!

పెదనాన్న: సరే. 63.

పెద్దమ్మ: తొందరపడకండి. అప్పుడు నా ఒళ్ళో ఏముంది?

పెదనాన్న: ఏముంది?

పెద్దమ్మ: బూడిద గుమ్మడికాయ. వడియాలకని మీరే కొని, చెయ్యి లాగుతోందని నా ఒళ్ళో పెట్టారు. 5 కిలోలు.

పెదనాన్న: 58.

పెద్దమ్మ: పాత దిండు?

పెదనాన్న: ఒక కిలో. 57. ఇక చాలు, లేచి కూర్చో.

పెద్దమ్మ: రెండు నిమిషాలు కాలేదు. మీరెక్కడ నిలబడ్డారు?

పెదనాన్న: వెనకాల.

పెద్దమ్మ: వెనకాల నిలబడి కుర్చీ మీద ఆనుకున్నారు.

పెదనాన్న: మోకాలు నొప్పిగా ఉండి, కాస్త...

పెద్దమ్మ: ఆ కాస్త కూడా నా ఖాతాలోనే జమ చేశారా! ఎంత ఆనుకున్నారు?

పెదనాన్న: అది ఎవరు తూచారు?

పెద్దమ్మ: 10 వేసుకోండి. 47. పెళ్ళినాడు సరిగ్గా ఇంతే ఉన్నాను. పిల్ల గాలికి ఎగిరిపోయేలా ఉందని మీ అమ్మగారు అననే అన్నారు.

పెదనాన్న: ఆ మాట మా అమ్మ అన్నది మీ చెల్లెల్ని చూసి.

పెద్దమ్మ: అయితే ఈ దిండు దానికి పంపండి. ఇప్పుడు దానికి కరెక్టుగా సరిపోతుంది.

(ఈ దశలో నేను ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోను చేశాను. స్పర్శ తక్కువగా ఉన్నప్పుడు, పైగా ఒకసారి ఎర్రబడ్డాక, మామూలు ఫోమ్ మీద ఆధారపడవద్దనీ, జెల్ గానీ గాలి గదులది గానీ చూడమనీ చెప్పింది. బరువు సరిగా చెప్పమని కూడా అంది. అంతే, మళ్ళీ మొదలు.)

పెదనాన్న: జెల్ తీసుకుందాం. మన ఎండలకు చల్లగా ఉంటుంది. కాకపోతే పక్కలకు జరిగిపోతే రోజూ చేత్తో సర్ది మధ్యకు తేవాలట. మూడు కిలోలు దాటే బరువు.

పెద్దమ్మ: వద్దు. ఆ మూడు కూడా నా లెక్కలో కలుపుతారు.

పెదనాన్న: అయితే గాలిది. వరసగా చిన్నచిన్న రబ్బరు గదులు ఉంటాయి. నువ్వు ఎటు ఒరిగితే అటునుంచి గాలి పక్క గదుల్లోకి జరుగుతుంది. రోజూ చెయ్యి అడుగుకు పోనిచ్చి చూడాలి. ఎముకకూ అడుగుకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా సందు మిగలాలి. అది నేను చూసుకుంటాను.

పెద్దమ్మ: గాలి బిర్రుగా కొట్టకండి. మళ్ళీ ఈ ఫోమ్ మీదికే వచ్చి కూర్చున్నట్టవుతుంది.

పెదనాన్న: సూది తగిలితే పంక్చరవుతుంది. నీ చీర పిన్నులతో జాగ్రత్త.

పెద్దమ్మ: నా పిన్నులు భుజం దగ్గర ఉంటాయి. పదవీవిరమణ చేసి ఇన్నేళ్ళయినా గుండుసూదులు రాలుస్తున్నది మీ జేబే.

పెదనాన్న: దిండు ఎత్తు మారితే కాళ్ళు పెట్టుకునే పలక కూడా దానికి తగ్గట్టు మార్చాలి. మోకాళ్ళు పైకి లేస్తే భారం వెనక్కే వస్తుంది. స్పానర్ తీసి పెట్టాను.

పెద్దమ్మ: ధరెంతట?

పెదనాన్న: కుర్చీ కంటే ఎక్కువే.

పెద్దమ్మ: కూర్చునే దిండుకు అంతా? వద్దులెండి, దీని మీదే సర్దుకుంటాను.

పెదనాన్న: డబ్బు సంగతి నువ్వు మాట్లాడకు. పొద్దున్నే బ్యాంకుకు వెళ్ళి తెచ్చాను.

పెద్దమ్మ: సరిగ్గా లెక్కపెట్టారా?

(పెదనాన్న సమాధానం చెప్పకుండా కొట్టుకు ఫోను చేశారు. అవతలివాడు మొదటే బరువు అడిగినట్టున్నాడు. పెదనాన్న పెద్దమ్మ వైపు చూశారు. పెద్దమ్మ ఒక చేత్తో నాలుగు వేళ్ళు చూపించి, ఏడు చూపడానికి రెండో చెయ్యి కూడా ఎత్తింది.)

పెదనాన్న: రేపు మళ్ళీ తూయించి చెబుతానండీ.

పెద్దమ్మ: మంచిది. రేపు ఆ కాటా మీదికి ముందు మీరు ఎక్కండి.

పెదనాన్న: నేనెందుకు?

పెద్దమ్మ: ఎంత ఆనుకున్నారో తేలొద్దూ?